ఊరి కిరాణంలో ఫోన్‌పే స్కానర్ పెట్టాలా? పెడితే ఎవరి పేరు మీద, ఎట్లా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: దేవరకొండ దగ్గర మండల కేంద్రంలో మీ నాన్న కిరాణం దుకాణం నడుపుతున్నారు. కుర్రాళ్లు "ఫోన్‌పే ఉందా?" అని అడిగి, లేదంటే పక్క దుకాణానికి పోతున్నారు. నాన్న దగ్గర బటన్ల ఫోనే ఉంది కాబట్టి, హైదరాబాద్‌లో ఉన్న మీ నంబరు మీద స్కానర్ తీసి అంటిద్దామనుకుంటున్నారు. కార్డు మిషన్ కూడా తీసుకోవాలా, పన్ను నోటీసులు వస్తాయా, ముసలివాళ్ల సంగతేంటి అన్నవి మిగతా సందేహాలు.

ముందు జవాబు చెప్తాను. స్కానర్ పెట్టండి, కానీ మీ నంబరు మీద వద్దు. నాన్న పేరు మీద వ్యాపారి క్యూఆర్ తీసుకోండి, దానికి పైసలు పడగానే ఎంత పడ్డదో గట్టిగా పలికే ఒక సౌండ్ బాక్స్ జోడించండి. కార్డు మిషన్ ఇప్పుడే అక్కర్లేదు. పన్నుకు భయపడి స్కానర్ మానుకోవాల్సిన పని లేదు, కాకపోతే ఒక లెక్క తెలిసి ఉండాలి, అది కింద రాశాను. నగదు గల్లా ఎట్లా ఉందో అట్లాగే ఉంచండి.

మీ నంబరు ఎందుకు వద్దంటే, దుకాణం ఒక చోట, పైసలు పడ్డ కబురు ఇంకో చోట అయితే ఆ పద్ధతి వారం కూడా నిలవదు. పొద్దున ఎనిమిది గంటల గిరాకీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒకరికి పాల ప్యాకెట్, ఒకరికి పావుకిలో చక్కెర, బడికి పోయే పిల్లకు పెన్ను. అందులో ఒకడు ఫోన్ అటు తిప్పి పచ్చ టిక్కు చూపించి "కొట్టిన తాతా" అంటాడు. నాన్న మీకు ఫోన్ చేసి "బిడ్డా, నలభై రూపాయలు పడ్డయా సూడు" అని అడగాలి. మీరు బస్సులో ఉంటారు, ఎత్తరు. మూడు రోజులు అట్లా అడుగుతారు, నాలుగో రోజు నుంచి టిక్కు చూసి తల ఊపుతారు. మోసం చేసేవాడికి కావాల్సింది ఆ తల ఊపుడే. పైసలు పడ్డాయో లేదో గల్లా దగ్గర కూర్చున్న మనిషికి, అక్కడికక్కడే, కొనేవాడి ఫోన్‌తో పని లేకుండా తెలియాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వ్యాపారి క్యూఆర్ కేవలం తీసుకోవడానికే. దానికి పిన్ను ఉండదు, సిమ్ము ఫలానా ఫోన్‌లోనే ఉండాలన్న నియమమూ ఉండదు. పంపేవాడికే అవన్నీ కావాలి. అందుకని నాన్నకు స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఏమీ కాదు. నమోదు నాన్న నంబరుతో చేయించండి, ఓటీపీ బటన్ల ఫోన్‌కూ వస్తుంది. రోజు లెక్క చూసే వ్యాపారి యాప్ మాత్రం మీ ఫోన్‌లో పెట్టుకోండి. సౌండ్ బాక్స్‌కు సొంత సిమ్ము లోపలే ఉంటుంది కాబట్టి అది ఏ ఫోన్ మీదా ఆధారపడదు.

ఏ ఖాతాకు కలపాలి అన్నది స్కానర్ ఏ కంపెనీది అన్నదానికంటే ముఖ్యం. పంట రుణం ఉన్న ఖాతా వద్దు. రుణం గడువు దాటితే బ్యాంకు ఆ ఖాతాలో పడ్డదాన్ని సర్దుకునే ప్రమాదం ఉంది. రైతు భరోసా, పింఛను, గ్యాస్ సబ్సిడీ పడే ఇంటి ఖాతా కూడా వద్దు. దుకాణానికి విడిగా ఒకటి తెరవండి. కరెంట్ ఖాతా అయితే పద్ధతి ప్రకారం ఉంటుంది, కానీ కనీస నిల్వ ఎంతో ముందే అడగండి. విడి ఖాతా ఎందుకో ఖాతా స్తంభించే సంగతి దగ్గరికి వచ్చినప్పుడు అర్థమవుతుంది.

నమోదుకు ఆధార్, పాన్, ఖాతా వివరాలు, దుకాణం ఫోటో చాలు. కంపెనీ ఏజెంటు దుకాణానికే వస్తాడు. అతని చేతికి మీ ఫోన్ ఇవ్వకండి, అతను చెప్తుంటే మీరే నొక్కండి. బాక్సు అద్దె ఎంత, ఎప్పుడు కోస్తారు, వద్దనుకుంటే తిరిగి ఎట్లా ఇవ్వాలి అన్న మూడూ అడగండి. అద్దె మామూలుగా నెలకు వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, పడ్డ పైసల్లోంచే పట్టుకుంటారు. "లోన్ కూడా వస్తది" అంటే ఆ రోజుకు వద్దనండి. స్టిక్కర్ అంటించాక వేరే ఫోన్ నుంచి ఒక రూపాయి కొట్టి చూడండి. తెరమీద దుకాణం పేరు సరిగ్గా వచ్చిందా, బాక్సు పలికిందా, ఆ రూపాయి మరుసటి రోజుకు పాసుబుక్కులో కనపడిందా? మూడోది చూడకుండా సంబరపడొద్దు, ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా మొదటి రెండూ బాగానే కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు పడ్డది పడ్డట్టే బ్యాంకుకు పంపుతాయి, కొన్ని రోజంతా పోగుచేసి మర్నాడు మొత్తంగా వేస్తాయి. నాన్నకు ఈ తేడా చెప్పకపోతే సాయంత్రం బ్యాంకు మెసేజ్ చూసి "బాక్సు అబద్ధం చెప్తుంది" అంటారు.

బాక్సు పెట్టే చోటు గురించి. బియ్యం బస్తాల వెనుక, ఇనుప ర్యాకు లోపల పెడితే సిగ్నల్ అందక ఆలస్యంగా పలుకుతుంది, లేదా మూడు నాలుగు చెల్లింపులు ఒకేసారి వరసగా చెప్తుంది. ద్వారం వైపు, చెవికి దగ్గరగా, కొనేవాళ్ల చేతికి అందకుండా పెట్టాలి. భాష తెలుగులోకి మార్పించండి. చందంపేట, అమ్రాబాద్ వైపు తండాల్లాంటి చోట్ల అయితే ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో చూసి ఆ సిమ్ము ఉన్న బాక్సే అడగాలి. రాత్రి దుకాణం మూసేటప్పుడు ఛార్జింగు పెట్టడం అలవాటు చేయండి. చప్పుడు రాకపోతే పైసలు రాలేదని కాదు, బాక్సుకు కబురు అందలేదని కూడా కావచ్చు. అప్పుడు మీరు యాప్‌లో చూసి చెప్పాలి. మీకు ఫోన్ చేయాల్సిన సందర్భం అదొక్కటే.

క్యూఆర్ కాగితం రెండు ప్రతులు ఉంచుకోండి. ఒకటి గల్లా ముందు రొమ్ము ఎత్తులో, ఒకటి లోపల. బయట గోడకు అంటిస్తే ఎండ పడి మెరుస్తుంది, కెమెరా పట్టదు. పైగా రాత్రిపూట దాని మీద ఇంకొకడు తన స్టిక్కర్ అంటించి పోయే మోసం బాగా పాతది. పొద్దున దుకాణం తెరవగానే గోటితో అంచు ఒకసారి గీకి చూస్తే చాలు.

ఇక గల్లా దగ్గర జరిగే మోసాలు. నకిలీ యాప్‌లు అచ్చం అసలు తెరలాగే పేరు, మొత్తం, టిక్కు చూపిస్తాయి, టింగుమని చప్పుడు కూడా చేస్తాయి. అందుకే కొనేవాడి తెర రుజువు కాదు, మన బాక్సు గొంతే రుజువు. రెండోది "నాలుగు వందలు కొట్టబోయి నాలుగు వేలు కొట్టిన, మిగతాయి తిరిగి ఇయ్యి" అని తొందరపెట్టేది. బాక్సు ఎంత పలికిందో గుర్తు చేసుకోండి, యాప్‌లో చూసేదాకా గల్లా తెరవొద్దు. మూడోది "పైసలు పంపిస్తున్న, పిన్ను కొట్టు" అనడం. పైసలు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ను కొట్టావంటే నీ ఖాతాలోంచి పోతున్నట్టే. మనిషి మనిషిని పైసలు అడిగే రిక్వెస్టును 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆపేసింది, దాంతో ఈ మోసం కొంత తగ్గాలి. కానీ వేరే క్యూఆర్ చూపించి స్కాన్ చేయించే రకం ఇంకా ఉంది. మోసపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగితే పైసలు నాలుగు ఖాతాలు దాటిపోతాయి.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది నాలుగోది. ముఖం తెలియని మనిషి వచ్చి "ఐదు వేలు ఫోన్‌పే కొడతా, నగదు ఇయ్యి, యాభై రూపాయలు నువ్వుంచుకో" అంటాడు. ఇయ్యొద్దు. అతను కొట్టేది ఎవరి దగ్గరో దోచిన సొమ్మైతే, పోగొట్టుకున్నవాళ్లు ఫిర్యాదు చేయగానే ఆ సొమ్ము నడిచిన దారిలోని ఖాతాలన్నిటినీ పోలీసులు ఆపిస్తారు. మీ నాన్న ఖాతా ఆ దారిలో ఒక మెట్టు అవుతుంది. ఒకోసారి ఆ మొత్తం వరకే ఆపుతారు, ఒకోసారి ఖాతా అంతా. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో నమోదైతే విడిపించడానికి కాగితాలు పట్టుకుని తిరగాలి. సరుకు అమ్మి తీసుకున్న పైసలకైతే బిల్లు చూపించి నిరూపించుకోవచ్చు, నగదు ఇచ్చినదానికి బిల్లు ఎక్కడిది? అందుకే కొత్తవాళ్లకు పెద్ద మొత్తం సరుకు అమ్మితే చిన్న చీటీ అయినా రాసి నకలు ఉంచమనండి. విడి ఖాతా అన్నది కూడా ఇందుకే. ఆగినా దుకాణం ఖాతా ఆగుతుంది, ఇంటి ఖాతా ఆగదు.

"నా ఖాతాలో కట్ అయింది, నీకు పడలేదు" అనే తగాదా వారానికి ఒకటైనా వస్తుంది. ఇందులో సాధారణంగా ఎవరి తప్పూ ఉండదు, మధ్యలో ఏదో బ్యాంకు సర్వరు జవాబివ్వదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపింది చేరకపోతే మర్నాటికల్లా, దుకాణానికి కొట్టింది ఖరారు కాకపోతే 5 రోజుల్లో పంపినవాడి ఖాతాకు తనంతట తాను తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. గల్లా దగ్గర చేయాల్సింది మాత్రం చిన్న పని. అతని ఫోన్‌లో యూటీఆర్ అని 12 అంకెల నంబరు ఉంటుంది, అది చీటీ మీద రాసుకోవాలి. తెలిసిన మనిషైతే సరుకు ఇచ్చి ఉద్దెర పుస్తకంలో వేసుకోండి, కొత్త మనిషైతే నగదు అడగండి. "పెండింగ్" అని చూపిస్తుంటే వెంటనే రెండోసారి కొట్టనివ్వకండి, రెండూ పడి అదొక లెక్క అవుతుంది. నెల దాటినా తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా పోవచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

ఉద్దెర మాట వచ్చింది కాబట్టి ఒక లాభం చెప్పాలి. మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో సగం ఇళ్లకు హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనికి పోయినవాళ్లున్నారు. ఇంట్లో ముసలివాళ్లు ఉద్దెర పెడతారు, కొడుకు పండుగకు వచ్చినప్పుడు తీరుస్తాడు. స్కానర్ ఉంటే ఆ కొడుకు నెల నెలా అక్కడి నుంచే కడతాడు. అతనికి క్యూఆర్ ఫోటో పంపితే గ్యాలరీలోంచి స్కాన్ చేసినప్పుడు రెండు వేల దగ్గర ఆగే సందర్భాలుంటాయి, కాబట్టి స్టిక్కర్ కింద రాసి ఉండే యూపీఐ ఐడీ పంపడం మేలు. ఎవరి ఉద్దెరకు కడుతున్నాడో నోట్‌లో పేరు రాయమనాలి, లేకపోతే పుస్తకంలో ఎవరి బాకీ కొట్టెయ్యాలో తెలియదు.

కార్డు మిషన్ గురించి అడిగారు. యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి దుకాణదారు మీద రుసుము లేదు. మిగతా డెబిట్ కార్డులకు, ఏడాది అమ్మకం 20 లక్షల లోపు ఉన్న దుకాణానికి 0.40 శాతం దాకా పట్టవచ్చు, అంటే 2,000 బిల్లుకు 8 రూపాయలు. క్రెడిట్ కార్డుకు అంతకంటే బాగా ఎక్కువ. నూనె ప్యాకెట్ మీద మిగిలేదే రెండు మూడు శాతం, అది కాస్తా కార్డు కంపెనీకి పోతే ఏం లాభం? మిషన్ అద్దె వేరే. కార్డును మిషన్‌కు తాకిస్తే చాలు అనే పద్ధతిలో 5,000 రూపాయల దాకా పిన్ను అడగదు (2021కి ముందు 2,000 ఉండేది). అట్లాంటి మిషన్ హైవే మీది పెట్రోలు బంకుకు, మిర్యాలగూడ బట్టల దుకాణానికి పనికొస్తుంది. మండల కేంద్రం కిరాణంలో కార్డు తీసేది నెలకు ఇద్దరు. ఒకటి మాత్రం చూసుకోండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి మీ క్యూఆర్ మీదే కొట్టవచ్చు. చిన్న దుకాణాలకు 2,000 లోపు రుసుము లేదు, దాటితే పడుతుంది. పడ్డ మొత్తం కన్నా ఖాతాకు తక్కువ వచ్చిందని ఎప్పుడైనా అనిపిస్తే ముందు వెతకాల్సింది అక్కడ, తర్వాత బాక్సు అద్దె.

ముసలివాళ్ల విషయంలో నా అభిప్రాయం కొంచెం మొరటుగా ఉంటుంది: వాళ్లను మార్చే పని దుకాణదారుడిది కాదు. వాళ్లకు అడ్డం ఫోన్ అనుకుంటాం, చాలాసార్లు అసలు అడ్డం బ్యాంకులో ఉన్న నంబరు. ఖాతా తెరిచిన రోజున ఎవరి నంబరో రాయించారు, అది ఇప్పుడు పనిచేయదు. బ్యాంకుకు పోయి నంబరు మార్పించనిదే ఏ యాప్ తెరుచుకోదు. నంబరు సరిగ్గా ఉన్నా, రీఛార్జ్ అయిపోయిన సిమ్ము నుంచి నమోదు మెసేజ్ పోదు. రెండు సిమ్ముల ఫోన్‌లో వేరే సిమ్ము నుంచి పోయినా అంతే. పదిసార్లు నొక్కి "ఇది మనకు రాదు" అని వదిలేస్తారు. డెబిట్ కార్డు లేకపోయినా ఆధార్ ఓటీపీతో పిన్ను పెట్టుకోవచ్చు, దానికి ఆధార్‌కూ అదే నంబరు ఉండాలి. కొత్తగా పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటలు 5,000 దాటి పోదు, అది తప్పు కాదు, కాపలా.

బటన్ల ఫోన్ వాళ్లకు 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది, 080 4516 3666కి ఫోన్ చేసి అది చెప్పినట్టు నొక్కుతూ పోవాలి, ఒకసారికి 10,000 దాకా పంపవచ్చు. పనిచేస్తుంది. కానీ వెనకాల నలుగురు నిలబడ్డ దుకాణంలో ఆ ఫోన్ సంభాషణ అయ్యేదాకా ఎవరు ఆగుతారు? ఇంట్లో కూర్చుని కరెంటు బిల్లు కట్టుకోవడానికైతే బాగుంటుంది. స్మార్ట్‌ఫోన్ ఉండీ సొంత ఖాతాతో కొట్టడానికి భయపడేవాళ్లకు యూపీఐ సర్కిల్ మేలు. కొడుకు తన ఖాతా నుంచి తల్లికి నెలకు 15,000 దాకా, ఒక్కోసారికి 5,000 దాకా ఖర్చు చేసే వీలు ఇవ్వవచ్చు. ఆమెకు పిన్ను చెప్పాల్సిన అవసరం ఉండదు. పిన్నును ఫోన్ కవరు వెనుక కాగితం మీద రాసి పెట్టుకునే వాళ్లను ఎన్ని దుకాణాల్లోనో చూస్తాం, ఆ తిప్పలు తప్పుతాయి.

రోజూ పది ఇరవై రూపాయలు కొట్టే కుర్రాళ్లకు యూపీఐ లైట్ పెట్టుకోమనండి. అందులో 5,000 దాకా వేసి ఉంచుకుని, ఒక్కోసారికి 1,000 లోపు పిన్ను లేకుండా కొట్టవచ్చు. బ్యాంకు సర్వరు కదలని సాయంత్రాల్లో కూడా ఇది తొందరగా పడుతుంది. బ్యాంకు పాసుబుక్కు ఐదు రూపాయల వరసలతో నిండదు.

చివరికి పన్ను. యూపీఐ వల్ల కొత్త పన్నేదీ పుట్టదు, ఉన్న అమ్మకం లెక్కకు ఎక్కుతుంది, అంతే. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపినప్పటి నుంచి ఇక్కడ కూడా భయం పట్టుకుంది. వీడియోల్లో "40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదు" అని చెప్తారు. తెలంగాణకు అది వర్తించదు. సరుకు అమ్మేవాళ్లకు కూడా ఇక్కడ హద్దు ఏడాదికి 20 లక్షలే. రోజుకు లెక్కేస్తే సుమారు 5,480 రూపాయలు. లాభం కాదు, అమ్మకం. నగదు, ఫోన్‌పే రెండూ కలిపి. పన్ను లేని బియ్యం, కూరగాయలు కూడా ఆ మొత్తంలో కలుస్తాయి, పూర్తిగా పన్ను లేని సరుకే అమ్మేవాళ్లకు మాత్రం నమోదు అక్కర్లేదు. మండల కేంద్రంలో కాస్త నడిచే కిరాణం ఈ హద్దును సులువుగా తాకుతుంది, కాబట్టి స్కానర్ పెట్టినా పెట్టకపోయినా మీ నాన్న అమ్మకం ఎంతో ముందు తెలుసుకోండి. దాటుతుంటే కాంపోజిషన్ పద్ధతి ఉంది. కోటిన్నర దాకా వ్యాపారులకు 1 శాతం, మూడు నెలలకోసారి కట్టాలి, కానీ కొనేవాడి దగ్గర పన్ను విడిగా వసూలు చేయకూడదు.

ఆదాయపు పన్నులో అయితే స్కానర్ వైపే మొగ్గు ఉంది. చిన్న వ్యాపారులు ఖర్చుల లెక్కలు చూపకుండా అమ్మకంలో ఇంత శాతం ఆదాయమని చెప్పే అంచనా పద్ధతి ఉంది, అందులో నగదు అమ్మకం మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం ఆదాయంగా చూపితే సరిపోతుంది. 15 లక్షల అమ్మకానికి మొదటిది 1,20,000, రెండోది 90,000. మీ మేనమామ పంపిన పెళ్లి ఖర్చుల పైసలు, చెల్లెలి చిట్టీ పైసలు ఇదే క్యూఆర్‌కు కొట్టించకండి, అవి అమ్మకం కాదని తర్వాత మీరే నిరూపించుకోవాలి.

చిల్లర మాత్రం ఎప్పటిలాగే తెచ్చి పెట్టుకోమనండి. అంగడి రోజున తండాల నుంచి వచ్చేవాళ్లు ఐదు వందల నోటే ఇస్తారు. స్కానర్ వచ్చాక తగ్గేది చిల్లర బదులు ఇచ్చే చాక్లెట్ల అమ్మకం ఒక్కటే, ఆ డబ్బా ఈసారి చిన్నది తెప్పించండి.